కొండంత మనిషి, గోరంత పట్టు

అహోబిలం వెళ్లివచ్చినవాళ్లు రెండు రకాలు. ఉగ్రస్తంభం ఎక్కినవాళ్లు ఒకరు, కిందనుంచే దండం పెట్టుకుని వచ్చినవాళ్లు ఇంకొకరు. నేను 43 ఏళ్లపాటు రెండో రకంలోనే నిశ్చింతగా కాలక్షేపం చేశాను. నంద్యాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే 84 కిలోల ఉపన్యాసకుడికి స్తంభాలతో ఏం పని? హిరణ్యకశిపుడంతటివాడు స్తంభం జోలికి పోయి ఏమయ్యాడో మనకు తెలియనిదా!

అయినా కిందటి కార్తీకంలో విద్యార్థులు వదలలేదు. పదిమంది కలిసి, "రాండి సార్, మెల్లగా పోదాం" అని బలవంతపెట్టారు. తెల్లవారుజామున నంద్యాలలో బస్సెక్కి, ఆళ్లగడ్డలో దిగి ఉగ్గాని బజ్జీ తిని, అక్కడినుంచి 25 కిలోమీటర్ల దూరంలోని అహోబిలం చేరాం. ఎగువ అహోబిలంలో స్వామి దర్శనం చేసుకుని, భవనాశిని వాగు వెంబడి జ్వాలా నరసింహస్వామి సన్నిధి దాకా నడిచాం. అక్కడ వాగు పక్కన కాస్త విశ్రమించాం. విశ్రమించింది నేను. వాళ్లు నా కోసం ఆగారు, అంతే.

ఆ పదిమందిలో ఒక కుర్రవాడున్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం. ఊరు ఆళ్లగడ్డ. తండ్రి అక్కడి శిల్పశాలల్లో ఉలి పట్టే పనివాడు. ఆళ్లగడ్డ శిల్పుల పేరు వినని తెలుగువారు అరుదు. వీధి పొడుగునా సగం చెక్కిన దేవుళ్లు, వీరులు, నాయకులు వరసగా నిలబడి ఉంటారు. మా వాడు సెలవుల్లో తండ్రికి సాయం చేస్తాడు. అయితే రాతిని చెక్కడంకంటె రాతిని ఎక్కడం మీద వాడికి మక్కువ. భువనగిరి కొండ దగ్గర పదిరోజుల శిక్షణ శిబిరానికి వెళ్లివచ్చిన దగ్గరనుంచి వాడికి ఏ గోడ చూసినా వేళ్లు దురద పెట్టేవి.

భువనగిరి బండను గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఊరి నడుమ ఒకే రాయిగా లేచిన ఆ కొండమీద కోట ఉంది. ఆ బండమీద శిక్షణ పొందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆ పిల్లకు నిండా పద్నాలుగేళ్లు లేవు. ఆనాటినుంచి మన పిల్లల్లో కొండలంటే కొత్త మోజు పుట్టింది. మంచిదే. మోజు ముందు పుట్టి, ఒడుపు తరవాత రావడంలోనే ఉంది చిక్కంతా.

టప్పున ఒక చప్పుడు

వాగు పక్కన రెండు నిలువుల ఎత్తు బండ ఒకటి ఉంది. "సార్, చూడండి" అంటూ మా వాడు చెప్పులు విడిచి ఎక్కడం మొదలుపెట్టాడు. చూడముచ్చటగానే ఉంది. అరంగుళం వెడల్పు లేని అంచును వేలికొసలతో పట్టి, వేళ్లను కొక్కేల్లా మడిచి, బొటనవేలు పైన వేసి బిగించి పైకి లేచాడు. ఇంతలో కుడికాలు జారింది. ఒంటి బరువంతా గబుక్కున ఎడమచేతి మీద పడింది. టప్పున ఒక చప్పుడు. ఎండుపుల్ల విరిచినట్టు ఆ చప్పుడు నాకూ వినిపించింది.

వాడు కిందికి దూకేసి, ఉంగరపు వేలు పట్టుకుని నవ్వాడు. "ఏం కాలేదు సార్, బెణికింది అంతే" అన్నాడు. వాగునీళ్లలో వేలు ముంచుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి వేలి మొదలు ఉబ్బింది. ఉగ్రస్తంభం ఎక్కే ముచ్చట ఆ రోజుకు మాకు తీరనేలేదు. లోపల నాకు కొంత ఊరట కలిగిందంటే మీరు నవ్వకండి.

మరునాడు నంద్యాలలో ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయాను. స్కానింగు చేసి, కాగితం మీద బొమ్మ గీసి ఆయన చెప్పిన పాఠం నాకు బాగా పట్టింది. అందులో నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

వేలిలో కండ లేదు

మన వేళ్లను మడిచే కండ వేళ్లలో లేదు. మోచేతికీ మణికట్టుకూ నడుమ, ముంజేతిలో ఉంది. అక్కడినుంచి గట్టి తాళ్లవంటి స్నాయువులు అరచేతి మీదుగా వేలికొసల దాకా పోతాయి. ముంజేతి కండ లాగితే తాడు లాగుతుంది, వేలు మడుచుకుంటుంది. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే చెయ్యి తెర వెనకే కదా ఉండేది!

ఆ తాడు ఎముకను అంటిపెట్టుకుని ఉండటానికి వేలి పొడుగునా ఉంగరాలవంటి కట్లు ఉన్నాయి. గాలపుకర్రకు వరసగా ఉంగరాలు తొడిగి దారాన్ని వాటిలోనుంచి పోనిస్తారు చూడండి, అదే ఏర్పాటు. ఇంగ్లీషు వైద్యులు వీటిని పుల్లీలన్నారు, అంటే గిలకలు. ఒక్కో వేలికి ముఖ్యమైనవి అయిదు. అందులో వేలి మొదటి కణుపు మీద ఉన్న రెండోదీ, నడిమి కణుపు మీద ఉన్న నాలుగోదీ ఎక్కువ భారం మోస్తాయి. కొండలెక్కేవారికి తెగేది సాధారణంగా ఆ రెండోదే. అదీ ఎక్కువగా ఉంగరపు వేలికో, నడిమి వేలికో.

వేళ్లను చాపి, కొసలతో ఊరికే తగిలించి పట్టినప్పుడు ఆ కట్టు మీద పడే ఒత్తిడి స్వల్పం. నడిమి కణుపును బాగా వంచి, చివరి కణుపును వెనక్కి విరిచి, కొక్కెంలా బిగించినప్పుడు మాత్రం తాడు కట్టును చీల్చుకుని బయటికి రావాలని చూస్తుంది. అప్పుడు వేలికొస మీద పడిన బరువుకు సుమారు మూడింతలు ఆ కట్టు మీద పడుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ కట్టు దాదాపు 40 కిలోల లాగుడుకు తెగిపోతుందని కూడా ప్రయోగాలు చేసి చూశారు. మనిషికీ మనిషికీ కొంత తేడా ఉంటుందనుకోండి. అయిదు వేళ్లే సమానంగా ఉండవు!

మా వాడికి కట్టు పూర్తిగా తెగలేదు, కొంత చిరిగింది. వేలికి ఉంగరంలాటి బిళ్ల తొడిగి, ఆరువారాలు రాయి ముట్టుకోవద్దనీ, పూర్తి బలం పెట్టడానికి మూడు నెలలైనా ఆగాలనీ డాక్టరు గారు చెప్పారు. ఒకటికి మించి కట్లు తెగితే తాడు వింటినారిలా పైకి లేస్తుందట, అప్పుడు ఆపరేషను దాకా పోవచ్చునట. "ఆ గండం తప్పింది, సంతోషించు" అన్నారు.

లంఖణం పరమౌషధమా?

కథ ఇంతటితో అయిపోతే నేను ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

అయిదు వారాల తరవాత తరగతిలో మనుచరిత్ర చెబుతున్నాను. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని ప్రవరుడు హిమాలయానికి ఎగిరిపోయిన ఘట్టం. తిరిగి వద్దామంటే మంచుకు పసరు కరిగిపోయిందని చెబుతుండగా వెనక బెంచీలో దబ్బున చప్పుడైంది. మా వాడు కళ్లు తిరిగి పడిపోయాడు.

నీళ్లు చల్లి, నిమ్మరసం తాగించి అడిగితే స్నేహితుడొకడు బయటపెట్టాడు. "వీడు నెలనుంచి రాత్రి అన్నం తినడంలేదు సార్. పొద్దున ఒక అరటిపండు. బరువెక్కువయ్యే వేలు తెగిందంట, తగ్గితే మళ్లీ తెగదంట."

వాడి బరువు ఎంతనుకున్నారు? వేలు తెగిననాడు 56 కిలోలు. ఆ వేళకు 52.

ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లి వాళ్లింట్లో కూర్చున్నాను. తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. "చెప్పి చెప్పి సాలైంది సార్. సంగటి పెడితే ముట్టడు, రొట్టె పెడితే తమ్మునికి ఏస్తాడు. వాళ్ల నాయన ఉలి పట్టుకో రా అంటే వేలు నొప్పంటాడు. ఇట్లయితే పని నేర్చుకునేదెప్పుడు, బతికేదెప్పుడు?" అన్నది. ఆ మాట అంటుండగానే తమ్ముడు, పద్నాలుగేళ్లవాడు, వసారా దూలం పట్టుకుని వేలికొసల మీద వేలాడుతున్నాడు. అన్న చేసేదల్లా వాడికి వేదం.

నాకప్పుడు నిజంగా భయం వేసింది. ఒక వేలితో మొదలైన వ్యవహారం ఇంటిల్లిపాదికీ పాకుతోంది.

ఒక చిన్న లెక్క

కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద లెక్క వేశాను. తెలుగు మాస్టరు లెక్క కాబట్టి పెద్ద చిక్కులేమీ ఉండవు. మీరూ వేసుకోవచ్చు.

కాలు జారినప్పుడు 56 కిలోలూ ఒక చేతి నాలుగు వేళ్ల మీద పడ్డాయి. వేలికి 14 కిలోలు. కొక్కెపు పట్టు గనుక మూడింతలు, అంటే కట్టు మీద 42 కిలోలు. కుదుపు వేరే. తెగక ఏం చేస్తుంది?

ఇప్పుడు నాలుగు కిలోలు కడుపు మాడ్చి తగ్గాడు కదా. 52 కిలోలు, వేలికి 13, మూడింతలు 39. అంటే నెల్లాళ్ల ఉపవాసానికి ఫలితం 42కు బదులు 39. గట్టు మీదనుంచి గట్టు అంచుకు జరిగాడు, అంతే.

మూడో లెక్క చూడండి. తిండి మానలేదు, బరువు 56 కిలోలే. కాలు స్థిరంగా నిలిపి సగం బరువు కాళ్ల మీద వేశాడు. మిగిలిన 28 కిలోలు రెండు చేతుల ఎనిమిది వేళ్ల మీద పడ్డాయి. వేలికి మూడున్నర. కొక్కెపు పట్టయినా మూడింతలు పదిన్నర. 42 ఎక్కడ, పదిన్నర ఎక్కడ?

నిజానికి వేళ్లన్నీ సమంగా మోయవు, కాబట్టి ఈ అంకెలు దారి చూపడానికే. అయినా దారి స్పష్టంగానే ఉంది. బరువు తగ్గించవలసింది ఒంట్లో కాదు, వేళ్ల మీద.

మా వాడు పలకవంక చాలాసేపు చూశాడు. "అయితే నేను నెల దినాలు ఉత్తగా మాడినానా సార్?" అన్నాడు. ఉత్తగా మాడితే ఫరవాలేదు, నష్టానికి మాడావు నాయనా, అన్నాను. ఎందుకంటే చిరిగిన కట్టు అతుక్కోవాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి, శక్తి కావాలి. తాపీమేస్త్రీకి సిమెంటు ఇవ్వకుండా గోడ కట్టమంటే ఎట్లా? లంఖణం పరమౌషధమన్న పెద్దలు అజీర్తికి చెప్పారు గాని చిరిగిన స్నాయువుకు చెప్పలేదు.

ఇది మా ఊరి వాడొక్కడి వెర్రి కాదు. టోకియో ఒలింపిక్సు 2021లో జరిగినప్పుడు ఈ కొండెక్కే ఆట మొదటిసారి అందులో చేరింది. బరువు తగ్గితే గెలుస్తామన్న భ్రమ పోటీదారుల్లో ఎంత ముదిరిందంటే, అంతర్జాతీయ సమాఖ్య గట్టి చర్య తీసుకోవడంలేదని 2023లో దాని వైద్యసంఘంలోని ఇద్దరు ప్రముఖ వైద్యులు రాజీనామా ఇచ్చారు. టోకియోలోనూ, 2024లో పారిస్‌లోనూ బంగారు పతకం గెలిచిన స్లొవేనియా యువతి యాన్యా గార్న్‌బ్రెట్ కూడా ఈ జాడ్యాన్ని గురించి బాహాటంగా హెచ్చరించింది. 2024లో సమాఖ్య కొత్త ఆరోగ్య నియమాలు తెచ్చింది. చాలినంత తినకుండా శ్రమిస్తే ఎముక పలచబడుతుంది, ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతుంది, దెబ్బ మానడం ఆలస్యమవుతుంది. మొదట్లో నాలుగు రోజులు ఒళ్లు తేలికైనట్టు అనిపించడమే ఇందులోని మోసం. ప్రవరుడి పసరు ఇదే సుమా! ఎక్కేటప్పుడు బాగానే ఎక్కిస్తుంది. దిగివచ్చే దారి ఉండదు.

ఉలి చెప్పిన మాట, తాడు చెప్పిన మాట

మా సంభాషణ వింటూ తండ్రి చెక్కుతున్న బొమ్మ వదిలి వచ్చాడు. ముప్పయ్యేళ్లుగా ఉలి పట్టిన చెయ్యి. "సార్, మా పనిలో కొత్తోడు ఉలిని పీక పిసికినట్ల పడతాడు. సాయంత్రానికి వేళ్లు మొద్దుబారతాయి. పాతోడు వదులుగా పడతాడు. దెబ్బ ఉలికి పోవల్ల, వేలికి రాకూడదు" అన్నాడు. కొడుకు చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఉంగరపు వేలు మెల్లగా నిమిరాడు. తండ్రి తిడతాడనుకున్న వాడు తల వంచుకున్నాడు.

నాకు నల్లమల చెంచులు గుర్తుకు వచ్చారు. తేనె కోసం లోయల మీది కొండచరియలకు దిగడం వాళ్లకు తాతలనాటి విద్య. అడవి తీగెలతో, నారతో పేనిన తాడు మీద దిగి, పొగబెట్టి తేనెటీగలను తోలి పట్టును కోస్తారు. ఆ తాడు పైకొసను కనిపెట్టుకుని ఉండేవాడు ఎవరో తెలుసునా? బావమరిది. అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు కోరేవాడు గనుక వాడు తాడు వదలడని నమ్మకం. బావమరిది బతకగోరును, దాయాది చావగోరును అన్న సామెతకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నేను చూడలేదు. నేటి కొండెక్కే ఆటలో కూడా కింద నిలబడి తాడు పట్టేవాడే సగం ప్రాణం.

అహోబిలంలో ఒక చెంచు పెద్దను నేను అడిగాను. "చేతులు నొయ్యవా తాతా?" అంటే, "బరువు కాళ్లు మొయ్యల్ల సామీ, చేతులు తోవ చూడల్ల" అన్నాడు. నా పలక లెక్క మొత్తం ఆయన ఒక్క మాటలో చెప్పాడు. ఆయన తిండి ఎగ్గొట్టి తేలికైనవాడు కాదు, జీవితమంతా నడిచి తేలికైనవాడు.

చేయవలసినవి, చేయరానివి

ఇక మీ ఇంట్లో కూడా ఇటువంటి ఉత్సాహవంతులుంటే వారికోసం నాలుగు ముక్కలు.

మొదటిది, ఒళ్లు వేడెక్కనిదే గట్టి పట్టు జోలికి పోరాదు. పెద్ద పెద్ద పట్లున్న సులువైన రాయి మీద నూరు కదలికలదాకా మెల్లగా చేస్తే వేలి కట్లు సాగి, తరవాతి బరువుకు సిద్ధపడతాయని పరిశోధకులు చూపారు. చలి వేళ్లతో మొదటి ఎక్కుకే కొక్కెం వేయడమే మా వాడు చేసిన మొదటి తప్పు.

రెండోది, వీలున్నచోటల్లా వేళ్లు చాపి పట్టడం అలవాటు చేసుకోవాలి. కొక్కెపు పట్టు ఇంట్లో వెండికంచంలాంటిది. పండగకు తీయవలసిందే గాని రోజూ వాడేది కాదు.

మూడోది, తొందర పనికిరాదు. కండ వారాల్లో బలపడుతుంది. స్నాయువులూ కట్లూ బలపడటానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కండకు బలం వచ్చి కట్టుకు రాని ఆ నడిమికాలమే గండం. మొదటి ఏడాది కాళ్ల ఒడుపు నేర్చుకోవడానికి కేటాయిస్తే ఏ నష్టమూ లేదు. దాన్ని వదిలి వేళ్ల బలం కోసం పాకులాడటం నేల విడిచి సాము చేయడమే.

నాలుగోది పసివాళ్ల సంగతి. ఎదిగే వయసులో ఎముక కొసల దగ్గర మెత్తని పొర ఉంటుంది, పెరుగుదల అక్కడినుంచే. పదమూడు నుంచి పదహారేళ్లలోపు పిల్లలు వేలికొసల మీద అదేపనిగా వేలాడితే కట్టుకంటె ముందు ఆ పొర చిట్లుతుంది. నడిమి కణుపు వెనకవైపు వారాల తరబడి నొప్పి ఉంటే ఎక్సురే తీయించవలసిందే. అశ్రద్ధ చేస్తే వేలు జన్మంతా వంకరగా ఉండిపోవచ్చు. ఆ మాట చెప్పగానే ఆ తల్లి చిన్నవాణ్ణి దూలం మీదనుంచి చెవి పట్టుకుని దించింది.

అయిదోది, వేలికి పట్టీ చుట్టుకుంటే తెగదన్న ధీమా వద్దు. గాయపడ్డ వేలికి వైద్యుడి సలహా మీద చుట్టే పట్టీ కొంత ఆసరా. బాగున్న వేలికి అది రక్ష కాదు. చప్పుడు వినిపించినా, వేలి మొదట నొప్పి, వాపు ఉన్నా ఆ రోజుకు దిగిపోవాలి. ఇంకొక్కసారి ప్రయత్నిస్తాననడం వీరత్వం కాదు.

ఆరోది నావంటివారికి. ఒళ్లు బరువుగా ఉన్నవారు కొండ ఎక్కరాదని ఎవరూ అనలేదు. పెద్ద పట్లు, వాలు తక్కువైన రాళ్లు, ఎక్కువ విరామం. బరువు తగ్గవలసి ఉంటే నడకతో, మితాహారంతో, నెలల మీద తగ్గాలి. గాయం మానే రోజుల్లో మాత్రం ఎవరూ కడుపు మాడ్చుకోరాదు. మన జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, గుప్పెడు చెనిక్కాయలు ఉండగా వేరే మందుపొడులు వెతకవలసిన పనీ లేదు.

ఈ ఉగాదికి మళ్లీ అహోబిలం వెళ్లాం. మా వాడి వేలు నయమయింది. బరువు మళ్లీ 56 కిలోలు. నాది 81. వాగు పక్కన ఆ బండ దగ్గర వాడు ఒక్క క్షణం నిలబడ్డాడు. నా గుండె ఝల్లుమంది. వాడు బండకు చెయ్యి ఆనించి, నవ్వి, ముందుకు నడిచాడు.

ఉగ్రస్తంభం చివరి ఎక్కుడులో నేను రాయి పట్టుకుని వేళ్లు బిగించి తంటాలు పడుతుంటే వెనకనుంచి వాడి గొంతు వినిపించింది. "సార్, చేతుల్తో లాగద్దండి. కాళ్ల మీద లేయండి!"

లేచాను. 43 ఏళ్లు కిందనుంచి దండం పెట్టినవాణ్ణి, 44వ ఏట పైనుంచి పెట్టాను.